నిండు గదిలో పాడిన పాట

మా పిన్ని లాండ్రీ వెనక గదిలో పాట రికార్డు చెయ్యాలంటే ఆదివారం మధ్యాహ్నమే చెయ్యాలి. సోమవారం పొద్దున్నే ఎవరి బట్టలు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళిపోతాయి కాబట్టి ఆదివారానికి ఆ గది కిక్కిరిసి ఉంటుంది. గోడల పొడవునా ఇనప కడ్డీలు, కడ్డీల నిండా హ్యాంగర్లు, హ్యాంగర్లకు వీధి వీధంతటి చొక్కాలూ ప్యాంట్లూ కోట్లూ. అన్ని బట్టల మధ్య నిలబడి పాడితే గొంతు గోడకు తగిలి వెనక్కి రాదు, బట్టలు పీల్చేసుకుంటాయి. ఓ రోజు హ్యాంగర్లు సర్దుతూ కూనిరాగం తీస్తుంటే పిన్నికి తన గొంతు తన చెవి పక్కనే వినపడిందట. ఆ రోజే మైకు కొనమని బాబాయ్ ప్రాణం తీసింది.

దీనికి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. ఉన్ని కోట్లు మైకు వెనక. హోటల్ వాళ్ళ కర్టెన్లు తలుపు మీద. దుప్పట్ల మూటలు విప్పకుండా నేల మీద. బడిపిల్లల యూనిఫారాలు పనికిరావు, పలచన. పాట నడుస్తుండగా ఎవరైనా వచ్చి "నా కోటు అయిందా?" అని అడిగితే కౌంటర్ దగ్గర కూర్చున్న నేను "రేపు రండి" అంటాను. నా జాగాలో బాబాయ్ ఉంటే "ఇంకా తడారలేదండీ" అని అతికినట్టు చెప్పేవాడు. నాకు అబద్ధం నోట్లోంచి రాదు. ఆ కోటు ఎప్పుడో ఆరిపోయి లోపల మైకు వెనక డ్యూటీలో ఉందని నాకు తెలుసు కదా.

మా పాటల బృందంలో ముగ్గురే. పిన్ని రాస్తుంది, పాడుతుంది. బాబాయ్ గంజి కలిపే ప్లాస్టిక్ డ్రమ్మును బోర్లించి వాయిస్తాడు. రికార్డు చేసే పాత కంప్యూటర్ కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. ఇస్త్రీ చేసే ఆయన గిటారు. ఇస్త్రీపెట్టె తోస్తున్నంతసేపూ ఆవిరితో పోటీపడి బుస్సు బుస్సుమని ఊపిరి వదులుతాడని ఆయన్ని అందరూ ఇంజను అంటారు. పిన్నిని అక్కా అని పిలుస్తాడు గనక నాకు ఇంజను మావయ్య.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటిదాన్ని నేను. అమ్మా నాన్నా పనులకు పోతే బడి నుంచి నేరుగా ఈ లాండ్రీకే వచ్చి, ఇస్త్రీ బల్ల కింద వెచ్చగా కూర్చుని చదువుకున్నాను. ఇప్పుడు ఫోన్లలో పాటలు వినిపించే ఒక కంపెనీలో ఉద్యోగం. కొత్తగా వచ్చిన పాటలు విని, ఏది ఏ వరసలో, అంటే ఏ ప్లేలిస్టులో పెట్టాలో తేల్చడం నా పని. "పాటలు వింటే జీతమిస్తారా?" అని నాన్న చాలా రోజులు అనుమానపడ్డాడు. "ఇంకా నయం, వాటికి డాన్సు చెయ్యమనలేదు," అని ఇంజను మావయ్య ఆయన్ని ఊరుకోబెట్టాడు.

మా ఆఫీసులో తగవులన్నీ ఒక్క వరస దగ్గరే వస్తాయి. ఇండీ.

ఆ మాటకు మొదట్లో ఒకటే అర్థం. వెనక పెద్ద కంపెనీ ఏదీ లేకుండా పాడేవాళ్ళే రాసుకుని, రికార్డు చేసుకుని, విడుదల చేసుకునే పాట. ఎవరి లేబుల్ కింద ఉన్నావంటే నా లేబుల్ కింద నేనే ఉన్నానని చెప్పుకోగలగడం. అలాంటివాళ్ళు చిన్న గదుల్లో, చవక మైకులతో చేసుకున్నారు కాబట్టి ఆ పాటలకు ఒక వాలకం వచ్చింది. నెమ్మదైన గిటారు, కాస్త గరుకు, గదిలో గాలి కూడా వినపడే గొంతు. ఆ వాలకం జనానికి నచ్చింది. నచ్చేసరికి పెద్ద కంపెనీలు పెద్ద స్టూడియోల్లో కూర్చుని అదే గరుకును చెమటోడ్చి తయారు చేయించడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఎవరు చేశారన్నది ఎవరికీ పట్టదు, ఎలా వినపడుతోందన్నదే లెక్క. సొంతంగా చేసుకున్నవాడి పాట హోరెత్తిపోతుంటే 'ఇతరాలు' అనే వరసలో పడేస్తాం. కంపెనీ వాళ్ళ పాట మెల్లగా గొణిగితే ఇండీలో కూర్చోబెడతాం. నాకు ఇది మింగుడు పడదు. అయినా ఉద్యోగం ఉద్యోగమే.

ఆ నెలలో పిన్ని ఒక పాట పూర్తి చేసింది. దాన్ని మా కంపెనీకి పంపుతుంటే బాబాయ్ నాకు ఫోన్ చేశాడు.

"తల్లీ, లేబుల్ ఏదని అడుగుతోంది. కాలర్ వెనక కుట్టేది కాదుగా?"

"కాదు బాబాయ్. పాటను ఎవరు విడుదల చేస్తున్నారో ఆ పేరు."

"అయితే షాపు పేరు రాయనా, మీ పిన్ని పేరా?"

వెనక నుంచి పిన్ని గొంతు వినపడింది. "వెనక గది అని రాయి. పాట పుట్టింది అక్కడ. నువ్వూ నేనూ కౌంటర్ దగ్గర ఏం పుట్టించాం, పోట్లాటలు తప్ప?"

మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే నేను మా సెక్షన్ హెడ్‌కి చెప్పేశాను. "సార్, ఈసారి వచ్చిన పాటల్లో మా పిన్నిది ఒకటుంది. నేను దాన్ని తేల్చకూడదు." ఆయన మంచి మనిషి. కాలేజీ రోజుల్లో స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టి, సాగక మానేశాడట. పాట వినేటప్పుడు కళ్ళు మూసుకుంటాడని చాటుగా ధ్యానం సార్ అంటాం. "చెప్పి మంచి పని చేశావు. దాని వంతు వచ్చినప్పుడు బయట కూర్చో," అన్నాడు.

కూర్చున్నాను. అద్దం తలుపు అవతల అందరూ వింటున్నారు. నాకు చప్పుడు రావడం లేదు, మొహాలు మాత్రం కనిపిస్తున్నాయి. ధ్యానం సార్ కళ్ళు మూసుకున్నాడు. పాట అయిపోయినట్టుంది, మిగతావాళ్ళు కదులుతున్నారు, ఆయన మాత్రం తెరవలేదు. తర్వాత తలుపు తీసుకుని నా దగ్గరికే వచ్చాడు.

"మీ పిన్ని ఏం చేస్తారు?"

"లాండ్రీ సార్."

"శుక్రవారం ఇండీలో మొదటి పాట అదే," అన్నాడు. "మా అందరి మాటా ఒకటే. ఎన్నాళ్ళయిందో ఇలాంటిది విని."

ఆ వరసలో మొదటి పాటంటే ఎన్ని వేలమంది వింటారో నాకు తెలుసు. పిన్ని ఇన్నేళ్ళుగా కట్టిన పాటలు విన్నది మేమూ, ఆ కోట్లూ. ఇంటికి కూడా పోకుండా సాయంత్రం నేరుగా లాండ్రీకి పరిగెత్తాను.

పిన్ని చేతిలోని చొక్కా కింద పెట్టకుండానే నా మాట వింది. "మొదటి పాటా? మనదా? ఏదీ, మళ్ళీ చెప్పు." మళ్ళీ చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. బాబాయ్ డ్రమ్ము మీద దరువేశాడు. ఇంజను మావయ్య ఇస్త్రీపెట్టె ఆపి, బల్ల మీదకెక్కి కూర్చున్నాడు. "మా వీధిలో ఇక నన్ను ఇంజను అనడం మానేస్తారు," అన్నాడు.

"మానరు. ఇండీ ఇంజను అంటారు," అంది పిన్ని. "ముందు పాట పెట్టండి, వాళ్ళు విన్నట్టే విందాం."

బాబాయ్ తను పంపిన పాటను ఫోన్లో పెట్టాడు. గిటారు మొదలైంది. పిన్ని గొంతు వచ్చింది. పిన్ని నవ్వు పోయింది.

"ఇదేంటి?"

"పాట," అన్నాడు బాబాయ్.

"పాటని నాకూ తెలుసు. బావిలోకి దిగి పాడినట్టుంది. ఏది పంపావు నువ్వు?"

అప్పుడు బయటపడింది. పాట రెండుసార్లు రికార్డయింది. ఇంజను మావయ్య గిటారు ముక్క సాధన చేసుకోవడానికని ఒక మంగళవారం, గది ఖాళీగా ఉన్నప్పుడు పిన్ని ఊరికే పాడి ఇచ్చింది. అసలుది ఆ తర్వాతి ఆదివారం, నిండు గదిలో పాడింది. బాబాయ్ మంగళవారం పాట పంపాడు.

"రెండూ ఒకటే పాట కదే," అన్నాడు బాబాయ్ నెమ్మదిగా.

"నువ్వూ ఒకటే మనిషివి కదా! గడ్డం గీసుకుని ఒకటి, గీసుకోక ఒకటి ఫొటో తీస్తే గోడకి ఏది తగిలిస్తావు?" పిన్ని నా వైపు తిరిగింది. "అమ్మడూ, రేపు మార్పించెయ్."

"పిన్నీ, వాళ్ళకు నచ్చింది ఇదే."

"నచ్చితే? నేను పాడింది ఇది కాదు."

ఇంజను మావయ్య బల్ల దిగాడు. "అక్కా, మొదటి పాటంటే మాటలా! కాస్త గుయ్యిమంటే ఏం పోయింది?"

పిన్ని చొక్కా మడతపెట్టింది, బాగా రాలేదని విప్పి మళ్ళీ మడతపెట్టింది.

మర్నాడు అసలు పాట తీసుకెళ్ళి ధ్యానం సార్‌కి ఇచ్చాను. విన్నాడు. ఈసారి కళ్ళు తెరిచే విన్నాడు. "బాగా పాడారు. కానీ ఇలా బాగా పాడినవి మనకు రోజూ వస్తాయి. ముందుదాంట్లో ఆ ఖాళీ గది ఉంది చూడు, అది ఎక్కడా దొరకదు. నేనొచ్చి ఆవిడతో మాట్లాడనా?"

వచ్చాడు. ఉత్త చేతులతో రావడం బాగుండదనుకున్నాడేమో, ఇస్త్రీకి ఒక కోటు పట్టుకొచ్చాడు. బాబాయ్ అలవాటు కొద్దీ "రేపు రండి" అనేశాడు. నేను కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. వెనక గదిలోకి వెళ్ళి, కడ్డీలూ మైకూ చూసి, చిటికె వేసి చెవి ఒగ్గి విన్నాడు.

"అమ్మా, మీరు ఈ గదిని ఎంత బాగా వాడుకున్నారో నాకు తెలుస్తోంది. తప్పు పట్టడానికి రాలేదు," అన్నాడు. "కానీ ఇండీ వినేవాళ్ళు ఆ వరసకు వచ్చేదే అలాంటి పాట కోసం. కొంచెం దూరంగా, ఒంటరిగా, ఎక్కడో ఖాళీ ఇంట్లోంచి వస్తున్నట్టు. మీరు ముందు పంపిన పాట అచ్చం అలా ఉంది. రెండోది అలా లేదు."

"ఇండీ అంటే ఏంటో మా అమ్మాయి చెప్పింది బాబూ. ఎవరి కిందా లేకుండా చేసుకునే పాటట కదా?"

"అదీ ఉంది. దాంతోపాటు ఇదీ ఉంది. పేరు పెట్టింది దానికే గానీ, ఇప్పుడు జనం ఆ పేరు చెప్పి అడిగేది ఇదే. నేనొక్కణ్ణి మార్చలేను."

"మరి నా పాట నేను మార్చుకోవచ్చా?"

"మీ పాట మీది. అందుకే అడగడానికొచ్చాను, చెప్పడానికి కాదు. ఏది పెట్టమంటే అదే పెడతాను. కానీ వరస నాది. రెండోది పెడితే అది ఇండీలో కూర్చోదమ్మా. ఇతరాల్లోకి పోతుంది."

"ఇతరాలంటే?"

ఆయన ఇబ్బందిపడ్డాడు. నేనే చెప్పాను. "ఎందులోనూ ఇమడనివన్నీ ఉంటాయి పిన్నీ. ఎక్కువమంది అటు రారు."

బాబాయ్ తల దించుకున్నాడు. ఇంజను మావయ్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి అందరి మొహాలూ చూస్తున్నాడు. పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. రోజంతా పాటలు వినేదానివి. రెండిట్లో ఏది బాగుంది?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు, రాకపోతే బాగుండుననుకున్నాను. ఆఫీసు మనిషి ఒకపక్క, పెంచిన మనిషి ఇంకోపక్క నిలబడ్డారు. అబద్ధం ఎవరికి చెప్పినా తప్పే.

"నాకు ఖాళీ గదిదే బాగుంది పిన్నీ," అన్నాను. "వింటుంటే గుండె పట్టేసినట్టయింది. కానీ పాట నీది. నువ్వు ఏదంటే అదే. నాకు నచ్చింది కదా అని నువ్వు ఒప్పుకోవద్దు."

పిన్ని మొహం చిన్నబోయింది. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. తర్వాత ఆమె కౌంటర్ మీద ఉతకడానికి వచ్చిన మూటలోంచి ఒక చొక్కా తీసి కాలర్ తిప్పి పట్టుకుంది.

"బాబూ, నా పాటలో మాటలు నీకు గుర్తున్నాయా?"

ధ్యానం సార్ ఆలోచించాడు. "రాగం గుర్తుంది. గొంతు గుర్తుంది. మాటలు..." అని నిజాయితీగా ఆగిపోయాడు.

పిన్ని పాడలేదు, ఊరికే మాటల్లా చెప్పింది.

"కాలరంచున చెమట చూసి కష్టమెంతో అంచనా వేస్తా,
మోచేతి దగ్గర అరుగుదల చూసి ముసలితనం తెలుసుకుంటా,
మరక తీసి, మడత పెట్టి, మనిషి పేరు అడగను నేను."

చొక్కా కింద పెట్టి మళ్ళీ అంది. "ఇది ఎక్కడో ఖాళీ ఇంట్లో కూర్చుని ఒంటరిగా ఏడ్చే పాట కాదు. ఒకడి చొక్కా చేత్తో పట్టుకుని, వాడి చెవి పక్కన పాడే పాట. మంగళవారం పాటలో గుయ్యి బాగుంది, కాదనను. మా అమ్మాయి చెవి మీద నాకు నమ్మకం ఉంది. కానీ అందులో నా మాటలన్నీ గోడలు తినేశాయి. 'అడగను నేను' అన్నది 'నూ నూ నూ' అని పోయింది. ఎవడి గురించి పాడానో వాడికే వినపడకపోతే ఇంకెందుకు?"

"చాలామంది వింటారమ్మా," అన్నాడు ఆయన. బెదిరింపు లేదు ఆ మాటలో, బతిమాలుతున్నట్టే ఉంది.

"వినాలనే ఉంది బాబూ. ఆశ లేదని చెప్తే అబద్ధం. నిన్న రాత్రంతా అదే ధ్యానం." ఆ మాటకు నేను ఉలిక్కిపడ్డాను గానీ ఆయనకు తన ముద్దుపేరు తెలియదు. "చాలామంది వినేది నా పాట అయితే బాగుండు. మంగళవారంది మా ఆయన పొరపాటు. పొరపాటుకి నేను పేరు తెచ్చుకోలేను. ఆదివారందే పెట్టు. ఇతరాల్లోనే పెట్టు."

"అక్కా..." అన్నాడు ఇంజను మావయ్య.

"నీకేం నష్టం? నీ గిటారు ఆదివారం పాటలోనే బాగా పలికింది. మంగళవారం రెండుచోట్ల వేళ్ళు తడబడ్డాయి, గుయ్యిలో కలిసిపోయింది గానీ."

ఇంజను మావయ్య ఒక్క క్షణం ఆలోచించి, "అయితే ఆదివారందే పెట్టండి సార్," అన్నాడు. ధ్యానం సార్ గట్టిగా నవ్వేశాడు. వెళ్ళేముందు మంగళవారం పాట ఒకటి తనకోసం ఉంచుకోవచ్చా అని అడిగాడు. పిన్ని ఇచ్చింది. "నీ ఒక్కడికే. ఇంకెవరి చెవినా వెయ్యకు," అంది.

గురువారం ఆఫీసులో వరసలు తేల్చేటప్పుడు ఆ పాట పేరు వచ్చింది. నేను మళ్ళీ బయటికి వెళ్ళబోయాను. ధ్యానం సార్ ఉండమన్నాడు, తేల్చడానికి ఏమీ మిగల్లేదుగా అన్నాడు. తెర మీద వరస దగ్గర 'ఇతరాలు' అని పడింది, లేబుల్ దగ్గర 'వెనక గది' అని పడింది. కొత్తగా చేరిన కుర్రాడొకడు, "ఇదేం లేబుల్, ఎప్పుడూ వినలేదే, ఏ పెద్ద కంపెనీ వాళ్ళది?" అని అడిగాడు.

ఆ గదిలో నేను అప్పటిదాకా ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడలేదు. మా ఇంటి సంగతులు అందరి ముందూ చెప్పలేదు కూడా. ఆ రోజు చెప్పాను. "ఎవరిదీ కాదు. మా పిన్నిది. మా లాండ్రీలో బట్టల మధ్య నిలబడి పాడింది. ఇండీలో మొదటి పాటగా పెడతామంటే వద్దని, తన పాట తను అనుకున్నట్టే వినపడాలంది." అందరూ నా వైపు చూశారు. నా చెవులు వేడెక్కాయి. కానీ తల మాత్రం దించలేదు.

పాట శుక్రవారం విడుదలైంది. వేలమంది వినలేదు, ఆ మాట ముందే తెలుసు. ఇప్పటికీ నా చెవికి మంగళవారం పాటే ఇష్టం. పిన్నికి ఆ సంగతి తెలుసు, తెలిసే కొత్త పాట కట్టేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది.

శనివారం నేను లాండ్రీకి వెళ్ళేసరికి కౌంటర్ మీద చిన్న స్పీకర్లో పాట నడుస్తోంది. నేను ఎప్పుడూ చూడని ఒకాయన, బస్సు డ్రైవరు యూనిఫాంలో, బట్టల పొట్లం చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బాబాయ్ చిల్లర ఇచ్చేశాడు. అయినా ఆయన కదల్లేదు. పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

"ఎవరిదండీ ఈ పాట?"

పిన్ని హ్యాంగర్లు తగిలిస్తూ వెనక్కి తిరక్కుండానే అంది. "మాది."

"మీదంటే?"

"మాదంటే మాదే. రాసిందీ పాడిందీ నేను. డ్రమ్ము ఆయన. గిటారు ఆ బల్ల దగ్గరున్న ఇంజను."

బుస్సుమని ఆవిరి వచ్చింది. డ్రైవరు పొట్లం ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. "ఇంకోసారి వెయ్యండమ్మా. ఆ చివరి మాటలు వినాలి."

పిన్ని చేతిలో హ్యాంగర్ ఆగిపోయింది. గిరుక్కున తిరిగింది. "ఏం, వినపడలేదా?"

"వినపడ్డాయి," అన్నాడాయన. "అందుకే."

పిన్ని హ్యాంగర్ కడ్డీకి తగిలించి వచ్చి, బాబాయ్‌ని పక్కకు జరగమని, స్పీకర్ మీట తనే నొక్కింది.